క్లాసులో లాగుడు ఎలా తగ్గిందంటే

మా బ్రూనో తొమ్మిది నెలల లాబ్రడార్, 26 కిలోలు. మొదటి శిక్షణ క్లాసుకి చోక్ చైన్ (లాగితే మెడకు బిగుసుకునే గొలుసు), లాగితే సాగే రీల్ లీష్ (కుక్కను పట్టుకునే తాడు) తీసుకెళ్లాను. పది నిమిషాల్లో పరువు పోయింది. రీల్ లీష్ ఎప్పుడూ కాస్త బిగువుగానే ఉంటుంది కాబట్టి, లాగితేనే ముందుకు పోవచ్చని కుక్క నేర్చేసుకుంటుంది. పక్క కుక్కను చూసి వీడు ఉరికాడు, సన్నటి తాడు నా వేళ్లు కోసేసింది. చైను గొంతు నొక్కి వాడికి ఒకటే దగ్గు.

ఇంటికొచ్చి రెండూ అటకెక్కించాను. ఆరడుగుల మామూలు నైలాన్ లీష్, ఛాతీ ముందు రింగు ఉన్న హార్నెస్ (ఒంటికి తొడిగే పట్టీలు) కొన్నాను. లీష్ ఆ రింగుకి తగిలిస్తే, లాగినప్పుడు ఒళ్లు పక్కకి తిరిగి మన వైపు వస్తుంది. మెడ మీద భారం పడదు. సైజు మాత్రం ఒకసారి తప్పాను. కంటి అంచనాతో కొన్నది చంకల్లో ఒరుసుకుని చర్మం కందింది. ముందు కాళ్ల వెనక ఛాతీ చుట్టుకొలత టేపుతో తీయాలి, తొడిగాక పట్టీ కింద రెండు వేళ్లు దూరాలి.

నిజానికి ఎక్కువ పనిచేసింది నడుముకి కట్టుకున్న చిన్న సంచీ! అందులో ఉప్పు, మసాలా లేకుండా ఉడికించిన చికెన్, బఠాణీ గింజంత ముక్కలు. (ఉల్లి, వెల్లుల్లి తగలకూడదు, కుక్కలకు విషం.) లీష్ వదులుగా ఉన్నప్పుడల్లా ఒక ముక్క. మూడో వారానికి గేటు దాకా లాగకుండా నడిచాడు. పిల్లి కనిపిస్తే మాత్రం ఇప్పటికీ కథ మొదటికే.