సివిల్ దావా ఖర్చు తగ్గించుకోవడం – 3వ పాఠం: ఒప్పుకోలు నోటీసు

పోయిన పాఠంలో మీ దావా డాక్యుమెంట్లకి తేదీల వారీగా పట్టిక రాయమన్నాను. దాన్ని ముందు పెట్టుకోండి, ఇవాళ్టి పనంతా దానితోనే.

నలుగురైదుగురు వాటాదారులున్న పంపకం దావా అనుకోండి. డాక్యుమెంట్లు ముప్పై పైమాటే. అసలు గొడవ మాత్రం ఒక వీలునామా మీదే. అయినా అవతలి పక్షం తన జవాబు దావాలో (దావాకి ఇచ్చే లిఖిత జవాబులో) అన్నిటినీ ఖండించేస్తుంది. ఇక తాతగారు కొన్న పొలం దస్తావేజుకి కూడా సాక్షిని వెతకాలి. సమన్లు, బత్తా (సాక్షికిచ్చే దారి ఖర్చు), వాయిదా. ఆయన రాకపోతే మరో వాయిదా. నేను చూసిన ఒక దావాలో ఇలాంటి దస్తావేజు మార్కింగ్ (దాన్ని సాక్ష్యంగా రికార్డులోకి ఎక్కించడం) కోసం ఒక పెద్దాయన పక్క జిల్లా నుంచి మూడుసార్లు వచ్చారు. చివరికి క్రాస్‌లో, అంటే అవతలి వకీలు అడిగే ఎదురు ప్రశ్నల్లో, దాని మీద ఒక్క ప్రశ్న కూడా పడలేదు. ఎండలో కోర్టు వరండాలో కూర్చున్న ఆయన్ని తలుచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది.

సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 12, రూల్ 2 దీనికోసమే ఉంది. ఫలానా డాక్యుమెంట్లు ఒప్పుకోమని ఏ పక్షమైనా అవతలి పక్షానికి నోటీసివ్వొచ్చు. అందిన 7 రోజుల్లో ఒప్పుకోకపోతే వాటిని రుజువు చేసే ఖర్చు ఆ పక్షమే భరించాలి. దావా ఎవరు గెలిచినా ఇంతే, కోర్టు వేరేగా చెబితే తప్ప. నమూనా అనుబంధం సి, 9వ ఫారంలో ఉంది. ఇంత మంచి రూల్‌ని మనవాళ్లు వాడాల్సినంత వాడరు.

నోటీసులో 'దస్తావేజు ఒప్పుకోండి' అని గంపగుత్తగా అడగొద్దు. విడదీసి అడగండి: ఈ దస్తావేజు ఉన్నమాట నిజమేనా? సంతకం రాసిచ్చిన మనిషిదేనా? అందులో రాసిన విషయం నిజమేనా? మొదటి రెండూ ఒప్పుకుని మూడోది కాదన్నా, సంతకం రుజువుకి సాక్షిని తిప్పే పని తప్పుతుంది. 2015 కమర్షియల్ కోర్టుల చట్టం కింద నడిచే దావాల్లో ఇలా విడివిడిగా చెప్పడం తప్పనిసరి. కారణం చూపని ఖండన అక్కడ ఖండన కిందకే రాదు.

'ఒప్పుకుంటే కేసు పోదా?' అని క్లయింటుకి టెన్షన్ ఉంటుంది. 'న్యాయమైన అభ్యంతరాలు మినహా' అనే మాట ఆ ఫారంలోనే ఉందని చూపించండి. స్టాంపు చాలదనో, దావాకి సంబంధం లేదనో తర్వాత అభ్యంతరం చెప్పొచ్చు.

నోటీసు పంపేముందు అవతలి వకీలుగారికి ఫోన్ చేయండి. బార్ రూములో అరగంట కలిసి కూర్చుంటే మీ పట్టికలో సగం వరసలకి అక్కడే టిక్ పడుతుంది.

అభ్యాసం: మీ పట్టికలో నిజంగా తగాదా లేని ఐదు డాక్యుమెంట్లు ఎంచుకుని, ఒక్కోదానికి పై మూడు ప్రశ్నలూ రాయండి. రుజువు చేయాల్సి వస్తే ఎందరు సాక్షులు, ఎన్ని వాయిదాలు పడతాయో పక్కనే అంచనా వేయండి. వచ్చే పాఠంలో ఆ కాగితంతోనే రూల్ 4 కింద వాస్తవాల ఒప్పుకోలు నోటీసు తయారుచేద్దాం.