సముద్రానికి వీపు పెట్టొద్దు: కార్తీకం పెళ్లిళ్లకి ముందు పెళ్లివారికీ, వీడియో వాళ్లకీ

మొన్న శ్రావణంలో మన తీరంలోనే ఒక పాళెం (చేపలు పట్టేవాళ్ల పల్లె) దగ్గర జరిగింది. ఊరి పేరు, కుర్రాడి పేరు చెప్పను. పెళ్లయిన మూడో రోజు సాయంత్రం, కొత్త జంటని అలల అంచున నడిపిస్తూ షూట్. వీడియో తీసే కుర్రాడు గింబల్ (కెమెరా కుదుపు లేకుండా పట్టే పిడి) పట్టుకుని మోకాలి లోతు నీళ్లలో వెనక్కి వెనక్కి నడుస్తున్నాడు. కళ్లు స్క్రీన్ మీద. ఒక అల వెనక నుంచి వచ్చి నడుముకి కొట్టింది. ఆ నీళ్లే తిరిగిపోతూ కాళ్ల కింది ఇసుకని ఊడ్చుకుపోయాయి. ఒడ్డున వలలు బాగుచేసుకుంటున్న ఇద్దరు తాడు తీసుకుని పరిగెత్తబట్టి బతికాడు. కెమెరా పోయింది. నడుముకి కట్టుకున్న సంచీ పోయింది. అందులో పెళ్లి తీసిన మెమరీ కార్డులున్నాయి. జీలకర్రబెల్లం, తాళి, తలంబ్రాలు, అప్పగింతలు, అన్నీ వాటిలోనే. ఇంకెక్కడా కాపీ లేదు.

ఇప్పుడు భాద్రపదం. ముహూర్తాల్లేవు. మేం లెన్సులు తుడుచుకుంటూ, పాత ఆల్బమ్‌ల బాకీలు తీరుస్తూ కూర్చునే కాలం. మీరు కార్తీకం, మార్గశిరం పెళ్లిళ్లకి వీడియో వాళ్లని మాట్లాడుకునే కాలం కూడా ఇదే. అందుకే ఇప్పుడు రాస్తున్నా. పద్దెనిమిదేళ్లుగా నెల్లూరు నుంచి ఒంగోలు దాకా పెళ్లిళ్లు తీస్తున్నా. మంచి కెమెరా తెచ్చుకోమనో, పవర్‌బ్యాంక్ పెట్టుకోమనో చెప్పను, అవి అందరికీ తెలుసు. చెప్పేది ఒక్కటే: సముద్రానికి వీపు పెట్టొద్దు. ఎవరూ పెట్టొద్దు.

మన తీరంలో ఈ తప్పు ఎందుకు పదే పదే జరుగుతుందో చెప్తాను. ఫోన్‌లో గోవా రీల్ చూపించి "అన్నా, ఇట్లా సూర్యుడు నీళ్లలోకి దిగిపోతుంటే మేం నిలబడాలి" అంటారు. మనది తూర్పు తీరం. మైపాడైనా, తుమ్మలపెంటైనా, కొత్తపట్నమైనా సూర్యుడు సముద్రంలోంచి లేస్తాడు, సరుగుడు తోటల వెనక దిగుతాడు. నీళ్ల మీద సూర్యుడు కావాలంటే పొద్దున్నే రావాలి. అప్పుడు కెమెరా సముద్రం వైపు తిరుగుతుంది, జంట కెమెరా వైపు తిరుగుతుంది. అంటే జంట వీపు అలలకి. సాయంత్రం వస్తే పడమటి వెలుగు జంట వెనక నుంచి రావాలి, వాళ్లు ఒడ్డు మీద ఉండాలి, కెమెరా నీళ్లలోకి దిగాలి. అప్పుడు కెమెరామన్ వీపు అలలకి. పొద్దున ఒకరు, సాయంత్రం ఒకరు. మంచి వెలుగు ఉన్నప్పుడల్లా ఎవరో ఒకరికి అల కనపడదు. మిగతావాళ్లంతా ఫ్రేమ్‌లోకి చూస్తుంటారు, లేదా తమ ఫోన్లలో తీసుకుంటుంటారు. పదిహేను మంది ఉన్న చోట సముద్రం వైపు చూసేవాడు ఒక్కడూ ఉండడు.

నేనూ చేశాను ఆ పని. ఏడెనిమిదేళ్ల కింద మైపాడులో, పెళ్లికూతురి పట్టుచీర కుచ్చిళ్లు తడిసేదాకా నాకు నీళ్లు వచ్చినట్టే తెలీలేదు. తడిసిన పట్టుచీర ఎంత బరువో, అందులో ఆడమనిషి అడుగు తీయడం ఎంత కష్టమో ఆ రోజు చూశాను. వాళ్ల మేనమామ చెయ్యి పట్టి లాగాడు. నవ్వేసి ఊరుకున్నాం. నవ్వాల్సింది కాదు.

డబ్బు సంగతి

పెళ్లి వీడియో బడ్జెట్ అనగానే మనోళ్లు రాసుకునేవి ఇవి: ట్రెడిషనల్ ఫోటో, వీడియో, క్యాండిడ్, డ్రోన్, ఎల్‌ఈడీ వాల్, లైవ్, ఆల్బమ్, రీల్స్. వేదిక సముద్రం ఒడ్డునైతే ఇంకో పద్దు రాసుకోండి: అలలు చూసే మనిషి. ఆ పాళెంలోనే పుట్టి పెరిగిన చేపల వేటగాడు, తాడు, ట్యూబు. షూట్ జరిగినంతసేపూ ఆయన పని సముద్రం వైపు చూడటం ఒక్కటే. కుర్చీలు మోయడు, రిఫ్లెక్టర్ పట్టుకోడు, పెళ్లికొడుకు చెప్పులకి కాపలా కాయడు. పూటకి వెయ్యో రెండు వేలో ఇవ్వండి. ఆయన "బయటికి రండి" అంటే షాట్ సగంలో ఉన్నా రావాలి.

ఈ పద్దు చూసి ఈమధ్య ఒక పెళ్లికూతురు నాన్న ఫోన్ చేశాడు. "అబ్బాయ్, ఇదేంది, అలలు చూడ్డానికి మనిషా? అది తీసేసి ఇంకో అరగంట డ్రోన్ వెయ్యి" అన్నాడు. "మామా, అది తీస్తే బీచ్ షూటే తీసేద్దాం, తోటలో తీస్తా" అన్నాను. ఒప్పుకున్నాడు. ఒప్పుకోకపోయినా అదే మాట మీద ఉండేవాణ్ని. తమ్ముళ్లూ, మీరూ ఉండండి.

మొత్తం లక్షన్నర అనుకుంటే అందులో 10,000 నుంచి 15,000 దాకా "సముద్రం ఖర్చు" అని ముందే పక్కన పెట్టండి. కాపలా మనిషి, టీమ్‌కి ముందు రోజు రాత్రి అక్కడే పడక, వాన కవర్లు, ఒక హార్డ్ డిస్క్ అదనం, అన్నీ ఇందులోంచే. ముందు రోజు పడక వృథా అనుకోకండి. మేలో ఇక్కడ ఆరు కాకముందే తెల్లారిపోతుంది, జనవరిలో ఆరున్నర అవుతుంది. మంచి వెలుగు అరగంట కూడా ఉండదు. నెల్లూరు నుంచి నాలుగింటికి నిద్రమొహాలతో బయల్దేరిన టీమ్, ఆలస్యమైందన్న కంగారులో చేసే మొదటి పని నీళ్లలోకి ఇంకాస్త లోపలికి దిగడం. కార్తీకంలో సాయంత్రం షూట్ అయితే ఐదున్నర దాటాక వెలుగు ఉండదు, రిసెప్షన్ మేకప్ మూడింటికే అయిపోవాలి. పార్లర్ వాళ్లకి ఈ మాట చెప్పేవాళ్లు ఉండరు.

డిస్క్ లెక్క కూడా చూడండి. 4కె వీడియో మామూలు సెట్టింగ్‌లో గంటకి 45 జీబీ దాకా తింటుంది. మూడు కెమెరాలు ఎనిమిది గంటలు తిరిగితే ఒక టెరాబైట్ దాటిపోతుంది. రెండు కాపీలంటే రెండు డిస్కులు. ఆ డబ్బు వీడియో వాళ్ల నెత్తిన వేస్తే వాళ్లు ఒక్క కాపీతో సరిపెట్టుకుంటారు. ఆ ఒక్క కాపీ నడుముకి కట్టిన సంచీలో ఉంటే ఏమైందో పైన చెప్పాను.

వాన, ఒప్పందం

ఈశాన్య రుతుపవనాల వాన మన జిల్లాల మీద అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. తుఫాను ఎక్కడో తీరం దాటుతుందిలే అనుకోవద్దు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ దాటింది బాపట్ల దగ్గర, తడిసి ముద్దయింది నెల్లూరు కూడా. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా నరసాపురం వైపు దాటింది, కుండపోత ఇక్కడా పడింది. ముహూర్తం ఎట్లాగూ మారదు, పందిట్లోనో కల్యాణమండపంలోనో తాళి పడుతుంది. మారేది బీచ్ షూట్. కాబట్టి దాన్ని పెళ్లి రోజుకి ముడిపెట్టకండి. మాఘంలో ఒక పొద్దున అదే డబ్బుకి తీస్తామని, వాన పడితే అడ్వాన్సు ఆ రోజుకి జమ అవుతుందని, ఎన్ని నెలల్లోపు తీయాలో కూడా కాగితం మీద రాయించుకోండి. నోటిమాట మీద నడిచిన ఒప్పందాలు వాన రోజునే చెడతాయి. వస్తువు నీళ్లలో పడితే ఎవరిది నష్టం అన్నదీ రాసుకోండి. "ఇంకొంచెం లోపలికి పోనీ అన్నా" అన్నది పెళ్లికొడుకైతే, ఆ లెన్సు ఖరీదు ఎవరిదో ముందే తేలాలి.

హైదరాబాదులోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ ఎత్తైన అలల హెచ్చరికలు ఇస్తుంది, జిల్లాలవారీగా. షూట్‌కి ముందు రోజు అది చూడండి. ఇక్కడ ఆకాశం నీలంగా ఉన్నా ఎక్కడో దూరాన రేగిన గాలికి ఇక్కడ అలలు పోటెత్తుతాయి. కృష్ణపట్నం పోర్టులో ప్రమాద హెచ్చరిక ఎగరేశారని తెలిస్తే ఆ రోజు బీచ్ లేదు, అంతే.

అమావాస్య, పౌర్ణమి దగ్గర పోటు ఎక్కువ. పోటు వేళ రోజుకి దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతూ పోతుంది. నిన్న మీరు వచ్చి చూసుకున్న చోట, నిన్నటి టైముకి ఈరోజు నీళ్లు అదే చోట ఉండవు. రెక్కీ చేశాం కదా అని ధీమా వద్దు. ఇంకోటి: అలలు విరగకుండా మధ్యలో ఒక చోట నీళ్లు నున్నగా, కొంచెం నల్లగా కనపడతాయి. ఫోటోకి అదే బాగుంటుందని అక్కడికే నిలబెడతారు. నీళ్లు లోపలికి లాగే చోటు అదే. పొరపాటున లాగితే ఒడ్డుకి ఎదురీదొద్దు, తేలుతూ పక్కకి, తీరం పొడవునా ఈదాలి. ఊటుకూరు దగ్గర పెన్న కలిసే చోటైనా, ఏ ఉప్పుటేరు మొగైనా, అక్కడ షూట్ పెట్టొద్దు. అడుగున నేల రోజుకోరకంగా ఉంటుంది.

డ్రోన్

తెల్లవారుజామున గాలి నేల మీద నుంచి సముద్రం మీదకి వీస్తుంది. డ్రోన్ పోయేటప్పుడు హుషారుగా పోతుంది, వచ్చేటప్పుడు ఎదురుగాలి. సగానికి పైగా బ్యాటరీ ఉండగానే తిప్పండి. మధ్యాహ్నం దాటాక సముద్రపు గాలి లేస్తుంది, వేసవిలో మరీ. డ్రోన్‌ని ఇసుక మీద నుంచి లేపొద్దు, మోటార్లలోకి పోతుంది. నీళ్లకి మరీ దగ్గరగా దించొద్దు, కింది సెన్సార్లకి కదిలే నీళ్లు అర్థం కావు. 2021 డ్రోన్ రూల్స్ ప్రకారం గ్రీన్ జోన్‌లో (ముందు అనుమతి అక్కర్లేని చోట) 400 అడుగులు దాటొద్దు. 250 గ్రాములు దాటిన డ్రోన్‌తో డబ్బుకి తీయాలంటే పైలట్ సర్టిఫికెట్ ఉండాలి. పెళ్లివారూ, అది అడిగి చూడండి. డ్రోన్ల కోసం ప్రభుత్వం పెట్టిన డిజిటల్ స్కై మ్యాప్‌లో వేదిక ఏ రంగులో ఉందో చూశాకే డ్రోన్‌కి డబ్బు కట్టండి. దక్షిణాన శ్రీహరికోట వైపైతే ఆశ వదులుకోండి.

డ్రోన్ ఎగిరినప్పుడు అందరూ తల పైకెత్తుతారు. సముద్రానికి వీపు పెట్టడంలో అది ఇంకో రకం.

మిగతావి, ఒక్కొక్కటీ చెప్తూ పోతా

ఏసీ గదిలో పెట్టిన కెమెరాని తిన్నగా ఒడ్డుకి తేవొద్దు, లెన్సు మీద ఆవిరి పడుతుంది. అరగంట ముందే సంచీ జిప్పు తీయకుండా బయట పెట్టండి.

ఇసుకలో లెన్సు మార్చొద్దు. రెండు లెన్సులు కావాలంటే రెండు కెమెరాలు.

ఉప్పు పట్టిన కెమెరాని పొడిబట్టతో రుద్దొద్దు, గీతలు పడతాయి. మంచినీళ్లలో ముంచి గట్టిగా పిండిన బట్ట. ట్రైపాడ్ కాళ్లు ఆ రాత్రే మంచినీళ్లతో కడగాలి, తెల్లారాక కాదు.

మైకుకి బొచ్చు తొడుగు లేకుండా ఒడ్డున పెళ్లి తీయొద్దు. అయ్యగారి మంత్రం, సన్నాయి వినపడాలి, గాలి కాదు.

లైవ్ పెట్టాలంటే పాళెంలో ఏ సిమ్‌కి సిగ్నల్ ఉందో ముందే చూడండి. అమెరికాలో ఉన్న అన్నయ్య తాళి కట్టే వేళకి గిరగిరా తిరిగే చక్రం చూస్తూ కూర్చోకూడదు.

ఎల్‌ఈడీ వాల్ సముద్రం గాలికి అడ్డంగా నిలబెట్టొద్దు. కట్టింది ఎవరో, విప్పేది ఎవరో అడగండి.

మాఘం, ఫాల్గుణం రాత్రుళ్లు ఒడ్డున ఫ్లడ్‌లైట్లు వేయొద్దు, తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వచ్చే కాలం.

పాళెం పెద్దలకి ముందు రోజే చెప్పండి. పడవల మీద ఎక్కి ఫోటోలు అడగకుండా తీయొద్దు. చెప్పులతో అసలే ఎక్కొద్దు.

నీళ్లలో వెనక్కి నడవొద్దు. గింబల్ ఉన్నా, గింబల్ లేకపోయినా.

చీలమండ దాటి దిగొద్దు. పెళ్లికూతురైతే తడి ఇసుక దాటొద్దు.

పెళ్లికొడుకు స్నేహితులు తాగి ఉంటే షూట్ ఆపండి. తిట్టినా ఆపండి.

పిల్లల్ని షూట్‌కి తేవొద్దు. తెస్తే ఒక్కో పిల్లకి ఒక్కో పెద్ద మనిషి.

పెళ్లి తీసిన కార్డులు బీచ్‌కి తేవొద్దు. రెండు చోట్ల కాపీ పడేదాకా ఫార్మాట్ కొట్టొద్దు. ఒక డిస్కు పెళ్లివారింట్లో ఉండాలి, స్టూడియోలో రెండూ కాదు.

112, 108 తో పాటు తీర భద్రత నంబరు 1093 టీమ్‌లో అందరి ఫోన్లలో ఉండాలి.

కాపలా మనిషి రాకపోతే షూట్ లేదు. "ఒక్క పది నిమిషాలే కదా" అనొద్దు. ఆ కుర్రాడు నీళ్లలోకి దిగి పది నిమిషాలు కూడా కాలేదు.

సముద్రానికి వీపు పెట్టొద్దు. జంట పెట్టాల్సి వస్తే కాపలా మనిషి చూపు అలల మీద ఉందో లేదో చూసి, అప్పుడు క్లిక్ కొట్టండి.

ఆయన డబ్బు మాత్రం మా బ్యాలెన్స్‌లో కలిపి ఆల్బమ్ వచ్చాక ఇస్తామనొద్దు. ఒడ్డు మీదే, ఆ పూటే, చేతిలో పెట్టండి. టిఫిన్ కూడా పెట్టించండి, తెల్లారకముందే వచ్చి ఉంటాడు.