జర్మనీలో తొలి శరదృతువు: గుమ్మం ముందు నల్లబల్ల చదవండి

సెప్టెంబరు వచ్చిందంటే ఇక్కడి రెస్టారెంట్ల గుమ్మాల ముందు నల్లబల్లలు నిలబడతాయి. సుద్దముక్కతో గిలికిన ఆ నాలుగు వరుసలే మీరు చదవాల్సిన మెనూ. లోపల చేతికిచ్చే కార్డు ఏడాది పొడుగునా మారదు. బల్ల మీద మాత్రం ఈ వారం పొలంలోంచి, అడవిలోంచి వచ్చినవే ఉంటాయి: ఫిఫర్‌లింగె అనే పసుపు పుట్టగొడుగులు, ఊదారంగు ప్లమ్‌లు పరిచి కాల్చిన కేకు, గుమ్మడికాయ సూపు, నవంబరులో బాతుకి అన్నలా ఉండే గూస్. మనకి మామిడికాయ ఎప్పుడు ఆవకాయ అవుతుందో తెలిసినట్టే, వీళ్లకి ఏ వారం ఏది తినాలో తెలుసు. కొత్తగా వచ్చినవాళ్లు ఇది గమనించక మొదటి ఆరు నెలలూ పిజ్జా, డోనర్ కబాబ్ మధ్యే తిరుగుతారు. నేనూ అలాగే తిరిగాను.

గుమ్మడికాయతో మొదలుపెట్టండి, మన నాలుకకి దగ్గరగా ఉండేది అదే. హొక్కైడో అనే చిన్న నారింజరంగు కాయ ప్రతి సూపర్‌మార్కెట్‌లోనూ దొరుకుతుంది. దాని చెక్కు తీయక్కర్లేదు, ఉడికితే మెత్తబడిపోతుంది. దప్పళంలోకి బాగుంటుంది, బెల్లం కాస్త తగ్గించుకోండి. బయట తాగే సూపులో పైన ముదురాకుపచ్చ చుక్కలు కనిపిస్తే కంగారు పడకండి, అది గుమ్మడిగింజల నూనె. పల్లెల్లో రోడ్డు పక్కన కాయలు పేర్చి, ఒక డబ్బా పెట్టి, మనిషి లేకుండా వదిలేసిన కొట్లు కనిపిస్తాయి. ధర రాసి ఉంటుంది, చిల్లర డబ్బాలో వేసి కాయ తీసుకోవడమే. ఒక్క జాగ్రత్త: అలంకారానికి అమ్మే గుమ్మడికాయలు వేరే ఉంటాయి, అవి తినేవి కావు. కూర చేదుగా ఉందంటే ఒక్క ముద్దతో ఆపి పారేయండి. కాకరకాయ తిన్న నోళ్లం కదా అని మనం చేదుని లెక్కచేయం. ఈ చేదు మాత్రం విషం, ఉడికించినా పోదు.

శాకాహారులు, కార్తీకమాసం పాటించేవాళ్లు ఒక జర్మన్ మాట కంఠతా పట్టండి: ష్పెక్. అంటే ఉప్పు పట్టించి పొగబెట్టిన పందికొవ్వు ముక్కలు. ఇది కూరగాయ పేరుతో ఉన్న వంటల్లోనూ చేరిపోతుంది. త్స్వీబెల్‌కూఖెన్ అంటే ‘ఉల్లిపాయ కేకు’ అని అర్థం చెప్పుకుని ధైర్యంగా తెప్పించుకుంటాం, అందులో ష్పెక్ మామూలుగా ఉండేదే. రోట్‌కోల్ అనే ఎర్ర క్యాబేజీ ఆపిల్‌తో ఉడుకుతుంది, చాలా వంటిళ్లలో దానికి గూస్ కొవ్వో పందికొవ్వో తగులుతుంది. సూపులకి మాంసం బ్రూయె, అంటే ఎముకల రసం, వాడతారు. ‘ఇందులో మాంసం ఉందా’ అని మాత్రమే అడిగితే లేదనే చెప్పొచ్చు, ఎందుకంటే ష్పెక్‌ని తాలింపు గింజల్లా చూసేవాళ్లు ఉన్నారు. అందుకే ‘ఓనె ష్పెక్?’, అంటే ష్పెక్ లేకుండానా, అని విడిగా అడగండి. మాంసం లేకుండా తినదగ్గవి కూడా ఉన్నాయి. ఉల్లిపాయలు వేయించి చల్లిన చీజు నూడుల్స్, కేజెష్పెట్స్‌లే, అందులో ఒకటి. పాతరొట్టెతో చేసిన ఉండలు, జెమ్మెల్‌క్నోడెల్, పుట్టగొడుగుల క్రీము పులుసులో ఇస్తారు. అయితే ఈ రెండిట్లోనూ గుడ్డు ఉంటుంది, వీటినీ ష్పెక్ సంగతి అడిగే తెప్పించుకోండి.

నేనుండే స్టుట్‌గార్ట్ చుట్టుపక్కల ద్రాక్షతోటలు. పంట కోసే రోజుల్లో ఇంకా పులుస్తూ ఉన్న కొత్త వైన్, ఫేడర్‌వైసర్, అమ్ముతారు. గ్యాస్ బయటికి పోవాలి కాబట్టి సీసా మూత బిగించరు. బ్యాగులో అడ్డంగా పడుకోబెట్టారా, ట్రైన్లో మీ ఒడి తడిసిపోతుంది. చెరుకురసంలా తియ్యగా దిగిపోయి, లేచి నిలబడ్డాక తన సంగతి చెబుతుంది. తాగనివాళ్లు ద్రాక్షరసం అడగండి. ఈ వైన్ తాగడానికి మంచి చోటు బేజెన్. బేజెన్ అంటే చీపురు. ద్రాక్షరైతు తన ఇంటినే ఏడాదిలో గరిష్ఠంగా 4 నెలలపాటు, 40 కుర్చీలకి మించకుండా భోజనశాలగా నడుపుకోవచ్చు. తెరిచి ఉందని చెప్పడానికి బయట చీపురు వేలాడదీస్తారు. లోపల బల్లలు అందరివీ. ఖాళీ చోటు చూసి ‘ఇస్ట్ హియర్ నోఖ్ ఫ్రై?’ అని అడిగి, తెలియనివాళ్ల పక్కనే కూర్చోవాలి. నాకు జర్మన్ మాట్లాడటం క్లాసులో కంటే ఆ బల్లల దగ్గరే ఎక్కువ వచ్చింది.

అడవిలో బుట్టలు పట్టుకుని పుట్టగొడుగులు ఏరేవాళ్లని చూసి మీరూ దిగకండి. మన ఊళ్లో తినే రకంలా కనిపించినదే ఇక్కడ కాలేయాన్ని చంపే రకం కావచ్చు. సంతలో కొనుక్కోండి. చెస్ట్‌నట్‌ల విషయమూ అంతే. పార్కుల్లో రాలే గుండ్రటి నున్నటి గింజలు తినేవి కావు, తింటే కడుపు పాడవుతుంది. తినే రకం కాయ ముళ్లపందిలా ఒత్తుగా ముళ్లతో ఉంటుంది, గింజకి మొనదేలిన కొస ఉంటుంది. బళ్ల మీద వేడివేడిగా కాల్చి అమ్మేవి అవే.

ఇక రెస్టారెంట్‌లో కూర్చునే పద్ధతులు. శుక్ర, శనివారాలు ముందే ఫోన్ చేసి బల్ల చెప్పుకోండి. ‘ష్టామ్‌టిష్’ అని రాసిన బల్ల ఖాళీగా ఉన్నా కూర్చోకూడదు, అది ఊరి పాతకాపుల రచ్చబండ. రూహెటాగ్ అంటే వారపు సెలవు, చాలాచోట్ల సోమవారం. రాత్రి తొమ్మిది దాటాక వెళ్తే తలుపు తెరిచే ఉంటుంది, పొయ్యి మాత్రం ఆరిపోయి ఉండొచ్చు. మంచినీళ్లు వాటంతటవి రావు. అడిగితే సీసా వస్తుంది, బిల్లూ వస్తుంది. మిగిలింది కట్టివ్వమంటే ఎవరూ ఏమీ అనుకోరు.

డబ్బులిచ్చేటప్పుడు మాత్రం నోరు జాగ్రత్త. మొదటి ఏడాది 31 యూరోల బిల్లుకి 50 నోటిచ్చి, మర్యాదగా ‘డంకె’ అన్నాను. ఆవిడ ముఖం వెలిగిపోయింది, నోటు తీసుకుని వెళ్లిపోయింది. నోటు చేతికిస్తూ థాంక్స్ అంటే ‘చిల్లర ఉంచుకోండి’ అని అర్థమట. తిరిగి అడగడానికి అప్పటికి నాకు జర్మనూ లేదు, ధైర్యమూ లేదు. టిప్పు బల్ల మీద వదలరు. 5 నుంచి 10 శాతం కలుపుకుని, మొత్తం ఎంత తీసుకోవాలో నోటితో చెప్పాలి. 23 యూరోలైతే ‘25’ అనండి. వీళ్ల లెక్కలో ‘అయిదూ ఇరవై’ అని తిరగేసి చెప్పాలి, తడబడితే 52 అవుతుంది. అన్నట్టు ‘త్సుజామెన్ ఓడర్ గెట్రెంట్?’ అంటే కలిపా, విడివిడిగానా అని. విడివిడిగా అన్నా చిన్నబుచ్చుకునేవాళ్లు ఉండరు.

అక్టోబరు 3 దేశమంతా సెలవు. నవంబరు 1 బాడెన్-వ్యుర్టెంబెర్గ్, బవేరియా సహా 5 రాష్ట్రాల్లో, అక్టోబరు 31 మరో 9 రాష్ట్రాల్లో సెలవు. ఆ రోజుల్లో సూపర్‌మార్కెట్లు మూత. పాలు, పెరుగు ముందురోజే తెచ్చుకోండి.

నవంబరు 11 సెయింట్ మార్టిన్ రోజు. చలిలో వణుకుతున్న బిచ్చగాడికి తన పైవస్త్రాన్ని కత్తితో సగానికి కోసి ఇచ్చినవాడు ఈ మార్టిన్. బిషప్ పదవి తప్పించుకోవడానికి గూస్‌ల మధ్య దాక్కుంటే అవి అరిచి పట్టించాయని కథ, అందుకే ఆ రోజుల్లో ఓవెన్‌లో కాల్చిన గూస్. ఆ సాయంత్రాల్లో పిల్లలు కాగితపు లాంతర్లతో వీధుల్లో పాడుకుంటూ తిరుగుతారు, చూసి తీరాలి. రెస్టారెంట్‌లో నిండు గూస్ కావాలంటే నలుగురు కూడి కొన్ని రోజుల ముందే చెప్పుకోవాలి. చాలా ఏళ్లు ఈ రోజు కార్తీకంలోనే పడుతుంది. అప్పుడు ఉండలూ పుట్టగొడుగుల పులుసూ మీ వాటా.

ఎవరైనా ఇంటికి పిలిస్తే ఏడంటే ఏడుకే వెళ్లండి. ‘ఇంకొంచెం వడ్డించనా’ అంటే మన అలవాటు కొద్దీ ‘వద్దండీ’ అనకండి. రెండోసారి బతిమాలరు, గిన్నె అవతలివాళ్ల దగ్గరికి వెళ్లిపోతుంది. మీరేదైనా తీసుకెళ్తామంటే పులిహోర నిక్షేపంలా ఉంటుంది, కాకపోతే వేరుశెనగ పడనివాళ్లు ఉన్నారేమో ముందే అడగండి. వడ్డించేటప్పుడు ఎండుమిరపకాయలు, కరివేపాకు ఏరి పక్కన పెట్టాలని కూడా చెప్పండి. చెప్పకపోతే పళ్లెంలో పడిందంతా మర్యాదగా నమిలి మింగేస్తారు.