గోప్యత పాఠాలు – 3: కవరు మీద కవరు

పోయిన పాఠం ఐపీ చిరునామా దగ్గర, అంటే నెట్‌లో మన కనెక్షన్‌ని గుర్తుపట్టే నంబరు దగ్గర ఆపాను. ఈలోగా బరంపురంలో డిగ్రీ చదువుతున్న మా మేనల్లుడు అడిగాడు: "మావయ్యా, టార్ వాడితే మనమెవరో ఎవరికీ తెలీదట కదా? డార్క్‌నెట్ బజార్లలో ఏం కొన్నా దొరకరట?" టార్ అంటే నెట్‌లో మన జాడ దాచే సాఫ్ట్‌వేరు. డార్క్‌నెట్ బజార్లంటే అలాంటిదాంతోనే తెరుచుకునే చాటుమాటు అంగళ్లు. కొనే ఉద్దేశం లేదన్నాడు. సగం నమ్మాను. మత్తుమందుల సంగతైతే 1985 నాటి చట్టానికి టార్‌లో కొన్నా టీకొట్టు వెనక కొన్నా ఒకటేనని చెప్పి, అసలు విషయంలోకి దిగాను.

బరంపురం నుంచి ఉత్తరం పంపాలనుకోండి. కవరు మీద కవరు, మూడు కవర్లు. పైది ఇచ్ఛాపురంలో ఒకాయనకి. ఆయన చింపితే లోపల పర్లాకిమిడి చిరునామా. అక్కడాయన చింపితే రాయగడ. రాయగడ ఆయన చింపితేనే చేరాల్సిన చోటు బయటపడుతుంది. మొదటాయనకి పంపిందెవరో తెలుసు, ఎక్కడికో తెలీదు. చివరాయనకి ఎక్కడికో తెలుసు, ఎవరో తెలీదు. టార్ చేసేది ఇదే, మనుషుల బదులు మూడు కంప్యూటర్లు. 1990ల మధ్యలో అమెరికా నౌకాదళ పరిశోధనశాలలో పుట్టిన ఆలోచన ఇది. పొరలున్నాయి కాబట్టి ఉల్లిపాయ పేరు పెట్టారు.

కొత్తవాళ్లు బోల్తాపడేది ఈ తర్వాతే. దాగింది దారి ఒక్కటే. లోపలి ఉత్తరంలో మన ఇంటి నంబరు మనమే రాసిస్తే మూడు కవర్లేం చేస్తాయి? పార్సిల్ రావాలంటే చిరునామా ఇవ్వాల్సిందే కదా.

2017లో హాన్సా అనే బజారుకి జరిగింది చూడండి. జూన్ 20 నుంచి నెల రోజులపాటు దాన్ని నడిపింది నెదర్లాండ్స్ పోలీసులు. బేరగాళ్లకి ఆ సంగతే తెలీదు. వాళ్ల సందేశాలు, చిరునామాలు నేరుగా పోలీసుల చేతికే వెళ్లాయి. ఒక్క విదేశీ చిరునామాలే దాదాపు 10,000. అమ్మేవాళ్లని పట్టిన తీరు ఇంకా గడుసుది. ఎక్కించే ఫొటోల్లోంచి చోటు వివరాలు చెరిపేసే ఏర్పాటు ఆ సైట్లో ఉండేది. పోలీసులు దాన్ని తీసేశారు. తర్వాత సర్వర్ పాడై ఫొటోలన్నీ పోయాయని నాటకమాడారు. అమ్మేవాళ్లు మళ్లీ ఎక్కించారు. 50 మందికి పైగా ఎక్కడున్నారో ఆ ఫొటోలే చెప్పేశాయి. టార్‌ని ఎవరూ పగలగొట్టలేదు, గమనించండి.

ఈ బజార్లలో చెల్లింపుకి వాడే డిజిటల్ డబ్బు బిట్‌కాయిన్ గురించి రెండే మాటలు. దాని ఖాతాపుస్తకం ఊరందరి ముందూ తెరిచే ఉంటుంది, చెరిపేది లేదు. దాన్ని అమ్మే ఎక్స్ఛేంజిలో కొనేటప్పుడు పాన్ కార్డు మనమే చూపిస్తాం. మిగతాది ఆరో పాఠంలో.

ఇప్పుడు ఫోను తీయండి. కెమెరాలో లొకేషన్ ఆన్‌లో ఉంచి ఇంట్లో ఏదో ఒకటి ఫొటో తీయండి. నేను మంచం మీద పరిచిన పట్టుచీర తీశాను. గ్యాలరీలో ఆ ఫొటో వివరాలు తెరిస్తే తేదీ, టైము, ఫోను మోడల్, కింద చిన్న మ్యాపు. మ్యాపులో గుర్తు సరిగ్గా మా పెరటి నూతి పక్కన పడింది. ఆ ఫొటోనే వాట్సాప్‌లో మామూలుగా పంపండి, మళ్లీ డాక్యుమెంటుగా పంపండి. మొదటిదాంట్లో చోటు పోతుంది, రెండోదాంట్లో ఉండిపోతుంది. పాత ఇల్లు అమ్మకానికి పెట్టేవాళ్లూ, పిల్లల ఫొటోలు పంచుకునేవాళ్లూ కూడా ఇది చేసి చూడాలి. డార్క్‌నెట్ జోలికే పోనక్కర్లేదు.

మాటతీరు కూడా పట్టిస్తుంది. మేం తెలుగులో రాస్తూ రాస్తూ మధ్యలో ఒడియావాళ్లలా "హఉ" (సరే) అంటాం. అది చదివిన శ్రీకాకుళం మనిషి మాది ఒడిశా అని ఇట్టే చెప్పేస్తాడు.

ఇంటిపని: మీరు ఆన్‌లైన్లో వాడే మారుపేర్లన్నీ కాగితం మీద రాయండి. ఒకే పేరు ఎన్నిచోట్ల ఉందో లెక్కపెట్టండి. ఆల్ఫాబే బజారు నడిపినవాణ్ని 2017 జూలైలో బ్యాంకాక్‌లో పట్టుకున్నారు. అతని గుట్టు విప్పింది బజారు పంపిన స్వాగత మెయిల్లో ఉండిపోయిన సొంత ఈమెయిల్ చిరునామా. అందులో అతని పేరుంది, పుట్టిన సంవత్సరంలోని చివరి రెండంకెలూ ఉన్నాయి.

మా మేనల్లుడి కాగితం చూశాను. గేముల్లో, ఇన్‌స్టాగ్రామ్‌లో, కాలేజీ మెయిల్లో పేరు ఒకటే. చివర 05. "అదేంట్రా?" అంటే నాలిక్కరుచుకున్నాడు.