సినిమా అని ఏపీకే దిగితే ఏం చేయాలి

పైరసీ సైట్‌లో ‘డౌన్‌లోడ్’ నొక్కితే ఏపీకే ఫైల్ దిగిందా? అది సినిమా కాదు, యాప్. ఎస్సెమ్మెస్, యాక్సెసిబిలిటీ (తెరపై ఉన్నది చదివి, ఫోన్‌ను నడిపే వీలు) అనుమతులు అడిగితే అస్సలు ఇవ్వొద్దు, ఓటీపీలు నేరుగా దొంగ చేతికి వెళ్తాయి.

ఇన్‌స్టాల్ చేసేసి ఉంటే ముందు మొబైల్ డేటా, వైఫై రెండూ ఆపండి. సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ, డివైస్ అడ్మిన్ (యాప్‌కు ఫోన్‌పై అదుపు ఇచ్చే సెట్టింగ్) దగ్గర ఆ యాప్‌ను ఆఫ్ చేశాకే అన్‌ఇన్‌స్టాల్ చేయండి, లేకపోతే చాలాసార్లు పోదు. బ్యాంకుకు వేరే ఫోన్ నుంచి చెప్పండి, పాస్‌వర్డులూ అందులోంచే మార్చండి. డబ్బు పోయిందా, వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. గంటలు గడిచేకొద్దీ సొమ్ము ఖాతాలు మారిపోతుంది.

తెలుగు సినిమాలకు ఆహా, ఈటీవీ విన్, సన్ నెక్స్ట్ ఉన్నాయి. పాతవైతే యూట్యూబ్‌లో హక్కులున్న సంస్థల చానళ్లలో బోలెడన్ని పూర్తి నిడివితో ఉచితంగానే దొరుకుతాయి.