టక్ మంటే గీతేనా, సంగీతమా?

పాత ఎలక్ట్రానిక్ సంగీత ప్రయోగాల రికార్డులు వినేవాళ్ళకి ఒక చిన్న చిట్కా. 1969లో అహ్మదాబాద్‌లోని డిజైన్ కాలేజీ ఎన్‌ఐడీలో అమెరికన్ సంగీతకారుడు డేవిడ్ ట్యూడర్ మూగ్ సింథసైజర్‌తో (కరెంటుతో శబ్దాలు పుట్టించే వాయిద్యం) స్టూడియో పెట్టాడు, అక్కడి టేపులు ఇప్పుడు వినైల్ రికార్డు మీద కూడా వచ్చాయి, ఎంత బాగుంటాయో! కానీ ఇలాంటివి వింటుంటే మధ్యలో టక్ మన్నప్పుడు అది రికార్డు మీద గీతో, వాళ్ళు కావాలని పెట్టిందో అర్థం కాదు. 33⅓ స్పీడులో (అంటే నిమిషానికి అన్ని చుట్లు) ఒక చుట్టుకి 1.8 సెకన్లు పడుతుంది, ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టండి, పది చుట్లకి 18 సెకన్లు, టక్కులు సరిగ్గా అదే లెక్కలో పడుతుంటే గీతో దుమ్మో అన్నమాట, లేదంటే చాలావరకు టేపులోదే, దాన్ని హాయిగా వినండి. టేప్ లూపులు (ఒకే ముక్క మళ్ళీ మళ్ళీ మోగేలా చివర్లు అతికించిన టేపు) కూడా తిరిగి తిరిగి వస్తాయి గానీ వాటి గ్యాప్ వేరుగా ఉంటుంది.

దుమ్మయితే రికార్డు తిరుగుతుండగా కార్బన్ ఫైబర్ బ్రష్ మెల్లగా ఆనించి అంచుకి లాగేయండి, చొక్కాతో మాత్రం తుడవొద్దు.

ఇంకోటి, మా కావలిలో రోహిణి కార్తె ఎండలకి కిటికీ పక్కన పెట్టిన రికార్డు అప్పడంలా వంకరపోయింది, చాలా బాధేసింది. లోపలి గదిలో నిలబెట్టి పెట్టుకోండి.