సైన్స్ ఫెయిర్ టాపిక్ దగ్గరే ఆగిపోయారా? ఎక్కడ పట్టేసిందో చూడండి

స్కూల్లో సైన్స్ ఫెయిర్ అని చెప్పగానే చాలా ఇళ్ళలో ముందు జరిగే పని థర్మోకోల్ షీట్లు కొనడం. టాపిక్ సంగతి తర్వాత. గుంటూరు, విజయవాడ స్కూళ్ళలో నేను చూసిన ప్రాజెక్టుల్లో ఎక్కువ భాగం ఒకే చోట చతికిలపడ్డాయి: టాపిక్‌లో కొలవడానికి ఏమీ లేదు. మీ ఇంట్లో ఏ మాట వినిపిస్తోందో చూసుకుని ఆ భాగం చదవండి.

"ఏ టాపిక్కూ తట్టట్లేదు"

కారణం: ఎవరూ చేయనిది చేయాలన్న పట్టుదల. దాంతో ఫోన్ పట్టుకుని కూర్చుంటారు.

ఫోన్ పక్కన పెట్టి ఇల్లంతా ఒకసారి తిరగండి. బోరు నీళ్ళు పట్టిన బకెట్‌కి తెల్లటి పొర ఎందుకు కడుతోంది? దోసెల పిండి మేలో అంత త్వరగా ఎందుకు పులుస్తోంది? డాబా మీద సున్నం వేస్తే కింది గదిలో వేడి ఎంత తగ్గుతుంది? అమ్మో, అమ్మమ్మో రోజూ విసుక్కునే విషయాల్లో సగం మంచి టాపిక్‌లే.

"టాపిక్ ఉంది, ఏం చేయాలో తెలియట్లేదు"

టాపిక్ మరీ పెద్దదైపోయింది. "కృష్ణా నది కాలుష్యం", "బుడమేరు వరదలు" లాంటివి చార్టుకు హెడ్డింగులుగా పనికొస్తాయి, ప్రయోగానికి పనికిరావు.

పరిష్కారం ఒక వాక్యంలో ఉంది: "ఫలానాది మారిస్తే ఫలానాది ఎంత మారుతుంది?" ఇందులో పట్టని టాపిక్‌ని కత్తిరించాల్సిందే. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ కాలనీలు మునిగాయి కదా. ఆ వరద మొత్తాన్ని పిల్లలు కొలవలేరు. కానీ ఏ మట్టిలో నీరు ఎంత వేగంగా ఇంకుతుందో కొలవగలరు. అడుగు కోసి, మూతి దగ్గర గుడ్డ కట్టి తలకిందులుగా నిలబెట్టిన ప్లాస్టిక్ సీసాల్లో ఒకదాంట్లో ఇసుక, ఒకదాంట్లో నల్లరేగడి నింపి, సమానంగా నీళ్ళు పోసి టైము చూస్తే చాలు. నల్లరేగడితో ఒక తమాషా ఉంది. ఎండి బీటలు వారినప్పుడు నీటిని గబగబా లాగేస్తుంది, తడిసి ఉబ్బాక దాదాపు మొరాయిస్తుంది. అందుకే పొడి మట్టితో ఒకసారి, తడి మట్టితో ఒకసారి చేయాలి.

"మిరపకాయ మీద చేద్దామంటే, ఏం కొలవాలి?"

గుంటూరు పిల్లలు ఎక్కువగా అడిగేది ఇదే. అందరి చూపూ ముందు ఘాటు మీదకే పోతుంది. 1912లో విల్బర్ స్కోవిల్ పెట్టిన పద్ధతిలో మిరప సారాన్ని తీపి నీళ్ళతో పలచన చేస్తూ, మంట తెలియకుండా పోయేదాకా రుచి చూస్తారు. ఇప్పుడు ల్యాబుల్లో యంత్రాలే కొలుస్తున్నాయి. పిల్లల నాలుకలతో ఆ పని వద్దు. పైగా ఎర్రగా ఉన్నదల్లా ఘాటుగా ఉండదు. బ్యాడిగి రకం మిరప ముదురు ఎరుపు, ఘాటు తక్కువ. తేజ రకం ఘాటుకు పేరు.

కాబట్టి రంగు పట్టుకోండి. ఎరుపులో ముఖ్యమైన వర్ణకం క్యాప్సాంథిన్. అది నీళ్ళలో కరగదు, నూనెలో కరుగుతుంది. వెలుతురు, గాలి, వేడి తగిలితే వెలిసిపోతుంది. గుంటూరు చుట్టూ అన్ని కోల్డ్ స్టోరేజీలు ఉండటానికి రంగు నిలబెట్టడం కూడా ఒక కారణం. ప్రశ్న ఇలా పెట్టొచ్చు: కారం రంగును ఎక్కువగా పాడుచేసేది వెలుతురా, వేడా?

ఒకే మరలో ఒకేసారి పట్టించిన కారాన్ని గాజు సీసాల్లో పోయండి. కిటికీ దగ్గర మామూలు సీసా, దాని పక్కనే అల్యూమినియం ఫాయిల్ చుట్టిన సీసా, ఫ్రిజ్‌లో ఫాయిల్ చుట్టిన మరో సీసా. మొదటి రెండింటికీ తేడా ప్రధానంగా వెలుతురు, చివరి రెండింటికీ తేడా వేడి. వారానికోసారి ఒక్కోదాని నుంచి ఒక గ్రాము తీసి, 50 మి.లీ. సన్‌ఫ్లవర్ నూనెలో కలిపి రాత్రంతా ఉంచి, పలుచటి గుడ్డతో వడకట్టండి.

మరి రంగుకు అంకె ఎలా వేయాలి? మొదటి రోజు తీసిన నూనెను మామూలు నూనెతో కలిపి నాలుగు మెట్లు చేయండి: పూర్తి, ముప్పావు, సగం, పావు. ప్రతి వారం నూనెను వీటి పక్కన తెల్ల కాగితం ముందు పెట్టి, దేనికి దగ్గరగా ఉందో రాయండి. ఈ నాలుగూ కూడా వెలుతురుకు వెలిసిపోతాయి కాబట్టి, ఫాయిల్ చుట్టి ఫ్రిజ్‌లోనే దాచాలి. కారం ముట్టుకునేటప్పుడు గ్లవ్స్ వేసుకోవాలి, ఆ చేత్తో కళ్ళు నలుపుకోకూడదు.

"నెట్‌లో ఎంత వెతికినా అవే వస్తున్నాయి"

"సైన్స్ ఫెయిర్ ఐడియాలు" అని కొడితే అందరికీ వచ్చేవే వస్తాయి. మీ ప్రశ్నలోని మాటలతో వెతకండి: క్యాప్సాంథిన్, నిల్వ, వెలుతురు. అంతకంటే ముందు పాఠ్యపుస్తకంలో ఆ పాఠం చదవండి. ఆహార కల్తీ మీద అయితే కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ వాళ్ళ డార్ట్ పుస్తకంలో ఇంట్లో చేసే పరీక్షలు ఉన్నాయి. గుంటూరు శివారు లాం ఫారంలో మిరప మీద పరిశోధన చేసేవాళ్ళు ఉన్నారు. టీచర్ ద్వారా అడిగించండి. "సార్, ఏదైనా టాపిక్ చెప్పండి" అంటే ఎవరికీ ఓపిక ఉండదు. "కారానికి వెలుతురు తగిలితే రంగు తగ్గుతుందని చదివాం, వేడికి కూడా అంతే తగ్గుతుందా?" అని అడిగితే కూర్చోబెట్టి చెబుతారు.

"రీడింగ్ రోజుకోలా వస్తోంది"

సీసా ఒకటే పెట్టి ఉంటారు. ప్రతి రకానికి మూడేసి పెట్టి సగటు తీయండి. కొలిచే మనిషి మారకూడదు, టైమూ మారకూడదు.

"అంకె వచ్చింది, జడ్జి మాత్రం ఒప్పుకోలేదు"

నీళ్ళ ప్రాజెక్టుల్లో ఇది మరీ ఎక్కువ. టీడీఎస్ మీటరు 300 చూపించగానే చార్టు మీద "సురక్షితం" అని రాసేస్తారు. ఆ మీటరు చెప్పేది నీటిలో కరిగిన లవణాల సంగతి. క్రిముల గురించి దానికేమీ తెలియదు. తాగునీటిలో ఈ లవణాలకు భారత ప్రమాణాల సంస్థ (బీఐఎస్) పెట్టిన హద్దు లీటరుకు 500 మి.గ్రా., వేరే నీళ్ళు దొరకని చోట 2000 దాకా. ఈ హద్దు చెప్పి అక్కడితో ఆగాలి. కొలవని దాని గురించి చార్టు మీద రాయకండి. శాంపిల్ కోసం పిల్లల్ని ఒంటరిగా కాలువ గట్లకు, ఘాట్లకు పంపొద్దు.

"ఇదే ఇన్‌స్పైర్‌కి పంపొచ్చా?"

ఉన్నదున్నట్టు పంపితే నిలబడదు. విద్యార్థుల ఆలోచనలకు కేంద్ర ప్రభుత్వం ఇచ్చే అవార్డు ఇన్‌స్పైర్ మానక్‌లో అడిగేది కొత్త ఆలోచన, పనికొచ్చే వస్తువు. ఎంపికైతే దాన్ని తయారు చేయడానికి విద్యార్థి ఖాతాలో 10,000 రూపాయలు వేస్తారు. రంగు వెలిసిన లెక్కలను ఆధారంగా చూపించి, వెలుతురు తగలకుండా కారం తీసుకునే డబ్బా ఒకటి డిజైన్ చేస్తే అక్కడ సరిపోతుంది. ప్రయోగం, లెక్కలు ఉన్నవి ఉన్నట్టుగా అయితే, పిల్లలు తమ పరిశోధనలు చూపించే బాలల సైన్స్ కాంగ్రెస్‌కు నప్పుతాయి.